చర్చ నడుస్తోంది, హాలు ఖాళీ లేదు

బ్వేనస్ ఐరిస్ నగరం, విజా క్రెస్పో పేటలోని మా యూదు సమాజం విశాల హృదయం గలదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఈ సంగతిని బయటివాళ్లెవరూ గుర్తించకపోవడం వల్ల కమిటీ సమావేశంలో మేమే ప్రతిపాదించి, మేమే బలపరచి, ఏకగ్రీవంగా ఆమోదించుకున్నాం. హృదయం విశాలమైనదని తేలాక దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలి కదా. అందుకని "ఇజ్రాయెల్ సమాజం, ఎల్జీబీటీక్యూ జీవితం: మనసు విప్పి మాట్లాడుకుందాం" అనే పేరుతో ఆదివారం సాయంత్రాలు చర్చా కార్యక్రమం మొదలుపెట్టాం.

ఇజ్రాయెలే ఎందుకు, మన పేట ఎందుకు కాదు అని మీరు అడగవచ్చు. మేం అడగలేదు. నేను ఆ సమాజపు సాంస్కృతిక కార్యదర్శిని. పేరు ఫ్లోరా. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, విశాల హృదయానికి దూరం చాలా అవసరం. సముద్రానికి అవతల ఉన్న మనిషి హక్కుల కోసం ఎంత గొంతు చించుకున్నా మనింట్లో సోఫా ఒక్క అంగుళం జరపక్కర్లేదు.

మా అధ్యక్షులు డాక్టర్ మౌరిసియో తబక్మన్ చెవి, ముక్కు, గొంతు వైద్యులు. మూడింటిలోనూ గొంతు మీద వారికి ప్రత్యేకమైన అభిమానం. మొదటి ఆదివారం వారి ప్రారంభోపన్యాసం ఇలా సాగింది.

"సోదర సోదరీమణులారా, ఈ ప్రపంచంలో ఒక చిన్న దేశం ఉంది. ఆ దేశపు సముద్రతీరాన ఒక నగరం ఉంది. ఆ నగర వీధుల్లో ఏడాదికోసారి లక్షల మంది ఇంద్రధనుస్సు జెండాలు పట్టుకుని నాట్యం చేస్తారు. ఆ నాట్యంలో నేను పాల్గొనలేదు. నా మోకాళ్లు సహకరించవు. కానీ హోటల్ బాల్కనీలోంచి చూసి కన్నీళ్లు పెట్టుకున్నాను. స్వేచ్ఛ అంటే ఏమిటో ఆ బాల్కనీలో నాకు తెలిసింది."

చప్పట్లు ఆగకముందే ఎస్తేర్ కప్లున్ లేచింది. ఆమె సామాజిక శాస్త్రం ప్రొఫెసర్. మైకు అవసరం లేని మనిషి.

"డాక్టర్ గారు బాల్కనీలో ఉండిపోయారు కాబట్టి కింద ఏం జరుగుతోందో కనపడలేదు. ఆ దేశంలో పెళ్లిళ్లు మతపెద్దల చేతుల్లో ఉన్నాయి. ఇద్దరు మగవాళ్లు పెళ్లాడాలంటే వేరే దేశం విమానం ఎక్కాలి. ఇక ఆ జెండాలంటారా, అది గోడ మీద మరకలు కనపడకుండా కొట్టిన గులాబీ రంగు పూత."

ఆ క్షణం నుంచి మా సమాజం బాల్కనీ పక్షం, పూత పక్షం అని రెండుగా చీలిపోయింది. దశాబ్దాలుగా ఒకే బెంచీ మీద కూర్చున్న భార్యాభర్తలు నడవాకి చెరోవైపు కూర్చోవడం మొదలుపెట్టారు. రెండో ఆదివారమంతా కార్యక్రమం పేరులోని "మనసు విప్పి" అనే మాట ఉండాలా తీసెయ్యాలా అన్నదాని మీద గడిచింది. మూడో ఆదివారం ఎల్జీబీటీక్యూలో ఏ అక్షరానికి ఎంత సమయం కేటాయించాలన్న దాని మీద ఉపసంఘం వేశాం. ఆ ఉపసంఘానికి కావలసిన విషయ పరిజ్ఞానం కోసం ఇంకో ఉపసంఘం వేశాం. చర్చ అద్భుతంగా నడుస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

ఒక్క చిన్న లోటు, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో వాళ్లలో ఒక్కరినీ చర్చకు పిలవలేదు. వాళ్లుంటే మనం స్వేచ్ఛగా మాట్లాడలేమని అధ్యక్షులవారి అభిప్రాయం.

నిజానికి ఇద్దరు ప్రతి ఆదివారం వచ్చి చివరి వరసలో కూర్చునేవారు. నటాలియో శూస్తెర్, చీచో బెన్మాయోర్. ఓన్సే బజారులో కర్టెన్లు కుట్టే దుకాణం వాళ్లది. సైనిక పాలన పోయిన ఏడాది నుంచీ ఇద్దరిదీ ఒకే దుకాణం, ఒకే ఇల్లు, ఒకే కుక్క. ఇంట్లో పడకగది ఒకటే, ఎందుకంటే ఇల్లు చిన్నదని మేం నిర్ధారించుకున్నాం. వాళ్లను మేం "భాగస్వాములు" అనేవాళ్లం. భాష ఎంత దయగలదో చూడండి. ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకుని మేమెవరమూ అబద్ధం ఆడకుండా, మాలో ఒక్కరూ నిజం చెప్పకుండా అన్నేళ్లు గడిపేశాం. మందిరంలో ధర్మగ్రంథపు చుట్టలు ఉండే అరకి వేలాడే ఎర్ర వెల్వెట్ తెర వాళ్లు కుట్టిందే. ఆ తెర వైపు తిరిగే మేం దేవుడితో మాట్లాడతాం. ఇద్దరు మగవాళ్లు పెళ్లాడవచ్చని దేశంలో చట్టం వచ్చిన ఏడాది వాళ్లు ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి సంతకాలు పెట్టి వచ్చి, మా అందరికీ తేనె కేకు పంచారు. దేనికని మేం అడగలేదు. కేకు మాత్రం మెత్తగా ఉంది.

నాలుగో ఆదివారం చర్చ అయ్యాక నేను కుర్చీలు సర్దుతుంటే ఇద్దరూ దగ్గరికొచ్చారు. చీచో గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఈ మధ్య ఆయన ఏదో ఒకదానికి ఆనుకునే నిలబడుతున్నారని అప్పుడే గమనించాను.

"ఫ్లోరా, నీతో చిన్న పని పడిందమ్మాయ్," అన్నారు చీచో. "నా గుండెలో కవాటం మారుస్తారట. ఏం భయం లేదన్నాడు డాక్టరు. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా మొహం చూడలేదు."

"కంప్యూటర్ చూస్తున్నాడు పాపం," అన్నారు నటాలియో.

"అదే నేనూ అంటున్నా. సరే, కత్తి పెట్టేలోపు ఒకసారి పెళ్లి పందిరి కింద నిలబడాలనుంది. ఇక్కడ, మన మందిరంలో. వీడితో."

"వీడేంటి వీడు? నలభై ఏళ్లు వండిపెట్టినవాణ్ణి పట్టుకుని."

"ఆ వంట తినేగా గుండె ఇట్లా అయింది."

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. "తప్పకుండా డోన్ చీచో, ఇంతకన్నా కావలసిందేముంది," అన్నాను. నోరు అక్కడితో ఆగితే బాగుండేది. "కమిటీలో ఒక్క మాట అనుకుని చెబుతా" అని కూడా అంది.

కమిటీలో ఆ విషయం పెట్టగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చరిత్రాత్మకం అన్నారు. డాక్టర్ తబక్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎస్తేర్ నన్ను కౌగిలించుకుంది. ఆ తర్వాత తేదీ దగ్గర ఆగాం.

మా మందిరంలో ఉన్నది ఒకే ఒక పెద్ద గది. శనివారం అది దేవుడిది, మిగిలిన రోజుల్లో కమిటీలది. ఆపరేషన్ వచ్చే మంగళవారం. అంతకుముందు మిగిలిన ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడు. మిగతా సాయంత్రాల్లో ఆ అతిథిని ఏమేం అడగాలో తేల్చడానికి ఉపసంఘాలు కూర్చుంటున్నాయి. కాబట్టి ఎల్జీబీటీక్యూ జీవితం గురించి చర్చ నడుస్తున్న కారణంగా హాలు ఖాళీ లేదని తేలింది.

"హాలు ఒక్కటే సమస్య కాదు," అన్నారు డాక్టర్ తబక్మన్. "మనం ఒక నిర్ణయానికి రాకముందే పెళ్లి జరిగిపోతే చర్చను అవమానించినట్టవుతుంది. అసలు ఆపరేషన్ ఓ రెండు నెలలు వెనక్కి జరిపే వీలుందేమో కనుక్కోండి. వైద్యుడిగా అడుగుతున్నాను."

"నేను మనస్ఫూర్తిగా ఈ పెళ్లి పక్షమే," అంది ఎస్తేర్. "కానీ ఇప్పుడు చేస్తే, 'చూశారా, మన వాళ్లెంత గొప్పవాళ్లో' అని బాల్కనీ పక్షం ఊరేగుతుంది. పెళ్లి అనేది సరైన రాజకీయ సందర్భంలో జరగాలి."

కార్యక్రమం మొదలయ్యాక రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి రావడం అదే ప్రథమం. ఆ సంతోషంలో కాఫీ తెప్పించుకున్నాం.

మర్నాడు ఓన్సే బజారుకి వెళ్లి ఆ కబురు నేనే చెప్పాను. చీచో స్టూలు మీద కూర్చుని గొట్టంతో మాతే టీ పీలుస్తున్నారు. నటాలియో బల్ల మీద గుడ్డ పరిచి కొలుస్తున్నారు.

"అంటే మా గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి మాకు చోటు లేదంటావు," అన్నారు చీచో.

"మీ గురించి కాదు డోన్ చీచో. అక్కడ ఇజ్రాయెల్‌లో ఉన్నవాళ్ల గురించి."

"ఓహో. అయితే సరే. వాళ్లకి చోటుంటే చాల్లే."

నటాలియో కత్తెర పక్కన పెట్టారు. ఆయన కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది కూడా. "మందిరం వెనక పెరడు ఉందిగా, అది ఖాళీయేనా?" అని అడిగారు.

"నీళ్ల ట్యాంకు ఉందండీ అక్కడ. విరిగిన కుర్చీలు కూడా."

"కుర్చీలు నేను సర్దుకుంటాలే."

మా మందిరపు పురోహితురాలు, రబ్బీ యాయెల్ సొఫోవిచ్ యువతి. ఆమెకు ధైర్యం ఉంది, కమిటీ చేతిలో ఉద్యోగమూ ఉంది. ఆమె మా నియమావళిని ఒకటికి రెండుసార్లు చదివి, అందులో కమిటీ అనుమతి హాలుకు మాత్రమే కావాలని, పెరడు అన్న మాట ఎక్కడా లేదని కనిపెట్టింది. పైగా ఆదివారం ఆమెకు తీరికే. చర్చలో మతం వద్దనుకుని ఆమెను పిలవలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముఖ్య అతిథి యోతామ్ హైఫాలో ఒక బడిలో లెక్కలు చెబుతాడు. వాళ్ల అమ్మానాన్నలు ఈ పేట నుంచే వెళ్లినవాళ్లు కాబట్టి మన భాష మనకన్నా బాగా మాట్లాడతాడు. సన్నగా, పొడుగ్గా, కుర్చీలో ఎటు కూర్చున్నా కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. అధ్యక్షులవారు అతన్ని పరిచయం చేస్తూ తమ బాల్కనీ అనుభవాన్ని మరోసారి వివరించారు. తర్వాత అతని భుజం తట్టారు.

"చెప్పు బాబూ, మొహమాటపడకు. అక్కడ మీ జీవితం స్వర్గమేనా?"

"లేక నరకమా?" అంది ఎస్తేర్ రెండో వైపు నుంచి.

యోతామ్ ఇద్దరినీ చూశాడు. "ఇక్కడిలాగే ఉంటుందండీ," అన్నాడు.

రెండు వైపులా మొహాలు చూసి అతనే వివరించాడు.

"అంటే, మా బడిలో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఊరేగింపు రోజున మా ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతాడు. శుక్రవారం భోజనానికి మా అమ్మ నీర్‌కి కూడా కంచం పెడుతుంది. నీర్ అంటే, మేమిద్దరం కలిసి ఉంటాం. వాడికి వంకాయ ఇష్టమని విడిగా వండుతుంది. చుట్టాలెవరైనా వస్తే మాత్రం 'వీడు మావాడి రూమ్మేట్' అంటుంది. పెళ్లి సంగతి ఈమె చెప్పింది నిజమే, అక్కడ కుదరదు. ఊరేగింపు సంగతి ఆయన చెప్పిందీ నిజమే, చాలా బాగుంటుంది. కానీ నాకు కష్టమనిపించేది ఆ రెండూ కాదు. రూమ్మేట్ అనేటప్పుడు అమ్మ నా వైపు చూడదు. అంతే."

మేం అతన్ని అంత దూరం నుంచి రప్పించింది ఇందుకు కాదు. స్వర్గమంటే ఒక పక్షం గెలిచేది, నరకమంటే రెండో పక్షం గెలిచేది. "ఇక్కడిలాగే" అనడంతో ఇరుపక్షాల మనోభావాలూ ఒకేసారి దెబ్బతిన్నాయి.

"ఇక్కడ అలాంటివేమీ లేవు బాబూ," అన్నారు డాక్టర్ తబక్మన్.

"నీ అనుభవాన్ని నువ్వు వ్యవస్థాగతంగా అర్థం చేసుకోలేదు," అంది ఎస్తేర్.

ఆపైన యోతామ్ మాటల్లోని అంతరార్థం ఏమై ఉంటుందన్న దాని మీద రెండు పక్షాలూ భీకరంగా తలపడ్డాయి. అతను మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తాడు. వంతు వచ్చేదాకా ఆగమన్నాం.

అదే సమయంలో పెరట్లోంచి క్లారినెట్ వినపడసాగింది. అధ్యక్షులవారు మొహం చిట్లించారు. "ఫ్లోరా, వెళ్లి ఆ చప్పుడు తగ్గించమని చెప్పమ్మా. ఎల్జీబీటీక్యూ చర్చకు భంగం కలుగుతోంది."

వెళ్లాను. పెరట్లో నీళ్ల ట్యాంకు పక్కన ఊడ్చి శుభ్రం చేసిన చోట, కర్టెన్ గుడ్డతో కుట్టిన తెల్లటి పందిరి. నాలుగు మూలలా నాలుగు కర్రలు పట్టుకోవాలి. ఒకటి చీచో చెల్లెలు రెబెకా పట్టుకుంది, ఒకటి మా మందిరం గేటు కాపలాదారు ఎవారిస్తో పట్టుకున్నాడు, మిగిలిన రెండూ విరిగిన కుర్చీలకు కట్టి ఉన్నాయి. క్లారినెట్ కిటికీ గట్టు మీద పెట్టిన ఫోనులోంచి మోగుతోంది. చీచో మధ్యలో కుర్చీలో కూర్చున్నారు. నీలం సూటు, చొక్కా గుండీ ఒకటి పై కాజాలో పెట్టుకున్నారు. నటాలియో వంగి దాన్ని సరిచేస్తున్నారు.

"ఫ్లోరా," అన్నారు చీచో, "నోరు మూయించడానికి వచ్చావా, కర్ర పట్టుకోవడానికి వచ్చావా?"

ఇక్కడ నేను ధైర్యంగా ఏదో అన్నానని రాసుకోవచ్చు. ఏమీ అనలేదు. నేను జవాబు వెతుక్కునేలోపే రబ్బీ యాయెల్ కర్ర విప్పి నా చేతిలో పెట్టింది. వదిలేస్తే పందిరి పడిపోతుంది. సంఘ సంస్కరణలో నా పాత్ర అంతవరకే.

ఇంతలో వెనక తలుపు తెరుచుకుని యోతామ్ బయటికొచ్చాడు. బాత్రూమ్ ఎక్కడని అడిగాడు. అడుగుతూనే పందిరిని చూసి ఆగిపోయాడు.

"ఎవరబ్బాయ్ నువ్వు?" అన్నారు చీచో.

"హైఫా నుంచి వచ్చానండీ. లోపల నా గురించి మాట్లాడుకుంటున్నారు."

"మా గురించి కూడానంట. రా, కర్ర పట్టుకో."

యోతామ్ బాత్రూమ్ సంగతి మరిచిపోయి నాలుగో కర్ర పట్టుకున్నాడు. పెళ్లిలో ఒకరి చుట్టూ ఒకరు తిరగాలి. చీచో లేవలేరు కాబట్టి నటాలియోనే ఆ కుర్చీ చుట్టూ, చెయ్యి ఆయన భుజం మీంచి తియ్యకుండా, నెమ్మదిగా తిరిగారు. 

"కొంచెం త్వరగా తిరగరా," అన్నారు చీచో. "అవతల నాకు ఆపరేషన్ ఉంది." అలా అంటూనే ఆ భుజం మీది చేతిని గట్టిగా పట్టుకున్నారు. పక్కన యోతామ్ కర్ర పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. కళ్లలో నీళ్లు నిండిన పొడుగు మనుషులు అలాగే చూస్తారు.

ఆశీర్వచనాలయ్యాక గుడ్డలో చుట్టిన గాజు గ్లాసును కాలికింద పెట్టి పగలగొట్టాలి. ఇద్దరూ ఒకేసారి తొక్కారు. నటాలియో ఎందుకైనా మంచిదని దుకాణంలోని పెద్ద గ్లాసు తెచ్చారు. అది పగిలిన చప్పుడు ట్యాంకుకు తగిలి పేలినట్టే వినపడింది.

ఈ నగరంలో యూదుల భవనాల ముందు సిమెంటు దిమ్మెలు ఊరికే ఉండవు. బాంబు పేలి మా వాళ్లు పోయిన రోజు మాలో పెద్దవాళ్లందరికీ గుర్తే. లోపల హాల్లో వెంటనే ఎవరో లైట్లు ఆర్పేశారు. అందరూ బల్లల కిందికి దూరారు. ఎవారిస్తో పరుగున వెళ్లి, ఏమీ కాలేదు, పెళ్లి అని చెప్పి లైట్లు వేసేసరికి, బాల్కనీ పక్షమూ పూత పక్షమూ ఒకే బల్ల కింద ఒకరి చేతులొకరు పట్టుకుని ఉన్నాయట. ఐక్యత కోసం మేం పెట్టిన ఉపసంఘాలన్నీ సాధించలేనిది అది.

అందరూ ఒక్కొక్కరే పెరట్లోకి వచ్చారు. పందిరిని, ఇద్దరు ముసలి పెళ్లికొడుకుల్ని, నా చేతిలోని కర్రనీ చూశారు. డాక్టర్ తబక్మన్ ప్యాంటు మోకాళ్ల దగ్గర దుమ్ము పట్టి ఉంది. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"ఇంత మంచి కార్యం పెట్టుకుని మమ్మల్నొక్క మాట పిలవలేదే నటాలియో," అన్నారు.

"పిలిచాం డాక్టర్ గారూ," అన్నారు నటాలియో. "మీరు పనిలో ఉన్నారు."

ఆ తర్వాత అందరూ ఏడ్చారు, కౌగిలించుకున్నారు, రెబెకా చేసి తెచ్చిన బోయోలు, అంటే పాలకూర కూరిన రొట్టెలు, నిమిషాల్లో ఖాళీ చేశారు. మా పెళ్లిళ్ల ఆచారం ప్రకారం చీచోను కుర్చీతో సహా ఎత్తి ఆడించాలని ఎస్తేర్ పట్టుబట్టింది. "తల్లీ, మంగళవారం దాకా ఆగు, ముందు గుండె చూడనీ, నడుం సంగతి తర్వాత," అన్నారాయన. యోతామ్ మాత్రం ఓ పక్కకి వెళ్లి ఫోను గోడకి ఆనించి, కిందపడకుండా పట్టుకుని, పెరడంతా నీర్‌కి చూపిస్తున్నాడు.

మంగళవారం నటాలియోకి తోడుగా ఆసుపత్రికి నేనూ వెళ్లాను. లోపలికి వెళ్లబోతే కౌంటర్‌లో ఉన్న నర్సు "ఆయనకి మీరేమవుతారు?" అని అడిగింది. నటాలియో కోటు సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "భర్తని," అన్నారు. ఆమె తలెత్తకుండానే, "లిఫ్టు ఎడమవైపు, రెండో అంతస్తు," అంది.

లిఫ్టులో ఆయనే మీట నొక్కారు. మా అంతస్తు వచ్చి తలుపు తెరుచుకున్నా దిగలేదు. "నలభై ఏళ్లు ఆ మాటకి భయపడి చచ్చాను ఫ్లోరా," అన్నారు. "ఎడమవైపంట."

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆసుపత్రి తిండి మీద చీచో వేసిన జోకులకు పక్క మంచం ఆయన కుట్లు ఊడేంత పనైందని నటాలియో చెప్పారు. కాస్త నడవగలిగాక ఒక శనివారం ఉదయం ఇద్దరూ మందిరానికి వచ్చారు. చివరి వరసలోకి వెళ్తుంటే మేం ఊరుకోలేదు, తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాం. ప్రార్థన అయ్యాక డాక్టర్ తబక్మన్ లేచారు. ఆ రోజు ఆయన గొంతులో నిజమైన ప్రేమ ఉంది. ఆ మాట నేను వెటకారానికి అనడం లేదు.

"మిత్రులారా, ప్రపంచంలో ఎన్నో సమాజాలు ఈ విషయంలో నలిగిపోయాయి, చీలిపోయాయి. మనకు ఆ అవస్థ లేదు. గర్వంగా చెబుతున్నాను, మన సమాజంలో ఇది ఏనాడూ ఒక సమస్య కాలేదు. ఈ నలభై ఏళ్లలో మనలో ఏ ఒక్కరూ, ఏ ఒక్క రోజూ, ఈ ఇద్దరి గురించి ఒక్క మాట కూడా అడగలేదు."

చీచో నటాలియో వైపు వంగి, "నిజమే చెబుతున్నాడు," అన్నారు.

అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. చాలాసేపు మోగాయి. వెనక వరసల వాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు. నేనూ కొట్టాను. అక్కడుంటే మీరూ కొట్టేవారే. ఆయన మెచ్చుకున్నది దేన్నో మనకు తట్టేసరికి అరచేతులు అప్పటికే ఎర్రబడి ఉంటాయి.